గేట్ మీటింగులో గెలిచిన నార్వే

కొంప ముంచుకోవడానికి కొందరికి ఏళ్ళు పడుతుంది. నాకు చెయ్యి పైకెత్తినంతసేపు పట్టింది. ఆ చెయ్యి దించేలోపే నా సంసారం యూరప్ సముద్రాల్లో మునగడానికి సిద్ధమైపోయింది. మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఇప్పుడు నేనూ నవ్వుతాను. ఆ వారం రోజులు మాత్రం నాకు ముద్ద గొంతు దిగలేదు.

నా పేరు రాజేశం. గోదావరిఖనిలో ఓవర్‌మెన్‌ని, అంటే భూమి కింద దగ్గరుండి పని చేయించేవాణ్ణి. బొగ్గు గనిని మేము బాయి అంటాం. పెళ్ళయిన నాటి నుంచి నేనూ నా భార్య సరోజా ఎక్కడికి పోదామనుకున్నా ఏదో ఒక షిఫ్టు అడ్డం పడేది. ఒకసారి ధైర్యం చేసి సింగపూర్ పోదామని నేనూ, సరోజా, ఆమె అన్న మల్లేశం, వదినె లక్ష్మీ నలుగురం పాస్‌పోర్టులు తీయించుకున్నాం. ప్రయాణం సాగలేదు. పాస్‌పోర్టులు బీరువాలో పట్టుచీరల కింద హాయిగా పడుకున్నాయి.

ఆ ఏడు దసరాకు బోనసు చేతికి రాగానే సరోజ, ఈసారి ఏదేమైనా ఓడలో పోవాల్సిందేనంది. కరీంనగర్‌లో టూర్లు చూసే ఒకాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన మా ముందు రెండు రంగుల కాగితాలు పరిచాడు. ఒకటి మధ్యధరా సముద్రంలో గ్రీసు దీవులు తిప్పే ఓడ. రెండోది నార్వే తీరం వెంట కొండల మధ్యకు పోయే ఓడ. ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. శనివారం సాయంత్రం దుకాణం మూసేలోపు చెప్తే చాలు, అప్పటిదాకా రెండింటిలోనూ గదులు ఆపి ఉంచుతానన్నాడు.

నేను ఇంకా కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండగానే సరోజ గ్రీసు కాగితం మీద వేలు పెట్టింది. కొండ మీద వరసగా ఇళ్ళు, గోడలు, మెట్లు, అన్నీ సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి.

"తీగ మీద తెల్లబట్ట ఆరేస్తే, తీసే యాళ్ళకు బూడిద రంగయితది. గోడకు సున్నం కొట్టిస్తే నెల నిలువది. తెల్లది తెల్లగనే ఉన్న ఊరు ఒక్కటి చూడాలె నేను. గంతే, ఇంకేం అడగ," అంది.

మా క్వార్టర్లో ఏళ్ళ తరబడి బొగ్గు ధూళి తుడిచిన మనిషి ఆ మాట అంటే కాదనడానికి నాకు నోరెక్కడిది? నీ ఇష్టమే నా ఇష్టమన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను. అక్కడితో ఆగి ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు, నాకు ఈ పరువు తక్కువా ఉండేది కాదు.

ఇక్కడ మా బావ మల్లేశం గురించి కొంచెం చెప్పాలి. సరోజకు సొంత అన్న. మా బాయి మీద కార్మిక సంఘానికి పిట్ సెక్రటరీ. చేతికి మైకు ఇస్తే తీసుకోవడమే తప్ప తిరిగి ఇవ్వడం తెలియదు. మా దగ్గర ఏ సమస్య వచ్చినా షిఫ్టు మొదలయ్యే ముందు గేటు దగ్గర మీటింగు పెట్టి, పదిమందిలో మాట్లాడి, చేతులెత్తి తీర్మానం చేయడం ఆనవాయితీ. హక్కులన్నీ అట్లాగే సాధించుకున్నాం, అందులో హాస్యమేమీ లేదు. కానీ మా బావ క్యాంటీన్లో మిరపకాయ బజ్జీ చిన్నదైనా మీటింగు పెట్టే రకం.

సోమవారం గేట్ మీటింగుకు రావాల్సిన పెద్ద నాయకుడు రాలేదు. మంది జమయ్యారు, మైకు సిద్ధంగా ఉంది, మాట్లాడడానికి విషయం లేదు. బావ కన్ను నా మీద పడింది.

"కార్మిక సోదరులారా, మన రాజేశం బావ ఓడ ఎక్కుతున్నడు," అని ఎత్తుకున్నాడు. "గ్రీసుకు పోవాల్నా, నార్వేకు పోవాల్నా? నార్వేల ఎండకాలం రాత్రి కూడ పొద్దు గూకదట. బాయిల దిగి పొద్దు మొకం చూడనోడు గా దేశం పోకుంటే ఇంకెవడు పోతడు?"

చప్పట్లు మోగాయి. గ్రీసులో మాత్రం ఎండ లేదా అని ఒకడు అడిగాడు. రామగుండంలో లేని ఎండ కోసం ఓడెక్కి పోవాలా అని ఇంకొకడు వాడి నోరు మూయించాడు. వెనక నుంచి ఎవరో, ముందు ఇంట్లో అడిగిండ్రా అన్నారు. ఆ ఒక్క తెలివైన మాట నినాదాల్లో కొట్టుకుపోయింది. నార్వే జిందాబాద్ అన్నారు, రాజేశం జిందాబాద్ అన్నారు. అయ్యా, పుట్టి బుద్ధెరిగాక నా పేరుకు జిందాబాద్ కొట్టడం అదే మొదలు. నాకు ఒళ్ళు పులకరించింది. నార్వేకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తాలనగానే అందరికంటే ముందు లేచింది నా చెయ్యే. ఆ ఊపులోనే సైకిల్ స్టాండ్ దగ్గరికి పోయి కరీంనగరాయనకు ఫోన్ చేసి, నార్వే ఖాయం, శనివారం అన్నీ సిద్ధం చేసి ఒకసారి ఫోన్ చెయ్యండి అనేశాను.

ఇంటికి వచ్చేసరికి సరోజ వాకిట్లో పక్కింటివాళ్ళకు గ్రీసు ఇళ్ళ ఫోటోలు చూపిస్తోంది. ఆమె ముఖం చూడగానే నా ఊపు మొత్తం దిగిపోయింది.

ఆ రాత్రే చెప్పేయాల్సింది. చెప్పలేదు. మర్నాడు నోరు తెరిచాను, అప్పుడే ఆమె గ్రీసులో కట్టుకోవడానికి కొన్న నూలు చీర తీసి చూపించింది. నోరు మూసుకున్నాను. బయట మాత్రం కథ వేరు. కనిపించినవాడల్లా నార్వే ఎప్పుడని అడిగేవాడు. ఒకడైతే చలికి పనికొస్తుందని మంకీ క్యాపు తెచ్చి ఇచ్చాడు. దాన్ని ఇంటికి తీసుకుపోలేక బాయి మీద నా లాకర్లో దాచాను. మాట మారుద్దామంటే బాయి మొత్తం నవ్వుతుంది, మార్చకపోతే సరోజ ఏడుస్తుంది. బావ దగ్గరికి పోయి, నీ చెల్లెలే కదా, నువ్వే మెల్లగా చెప్పమని బతిమాలాను.

"తీర్మానం చేసుడు నా పని బావా," అన్నాడు తాపీగా. "అమలు చేసుడు నీ పని."

అట్లా నెట్టుకుంటూ నెట్టుకుంటూ శనివారం దాకా వచ్చాను. ఆ వేళ నాది రెండో షిఫ్టు. మధ్యాహ్నం లాకర్ తెరిచి జేబు తడుముకుంటే ఫోన్ లేదు. ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టి మరిచిపోయాను. బాయిలోకి ఎవరూ ఫోన్ తీసుకుపోకూడదు, అందుకని రోజూ లాకర్లో పెట్టేవాణ్ణి. ఈ రోజు అది సరోజ పక్కన ఉంది. సాయంత్రం కరీంనగరాయన ఫోన్ చేస్తాడు. సరోజ ఎత్తుతుంది. ఆయన నార్వే అంటాడు. ఇంటికి పరుగెత్తుదామంటే కిందికి దించే కేజ్ గంట కొట్టేశారు, నా మనుషులంతా ఎక్కి నా కోసం చూస్తున్నారు.

దిగాను. కింద ఏ పని చూస్తున్నా చెవిలో ఫోన్ మోగుతున్నట్టే ఉంది. ఒకడు పైకప్పు దుంగ సరిగ్గా ఉందా అని అడిగితే, ఎత్తొద్దు అన్నాను. వాడు బిత్తరపోయాడు. ఇక లాభం లేదని, కింద నుంచి మీదికి మాట్లాడే బాయి ఫోన్ దగ్గరికి పోయాను. ఆ వేళ మీద ఫోన్ దగ్గర కూర్చున్నది నరహరి గారు. మంథని మనిషి, మర్యాదస్తుడు, దేనికీ తొందరపడడు.

"నరహరి గారూ, మా సరోజకు ఒక ఫోన్ చెయ్యుండ్రి," అన్నాను.

"ప్రమాదమా, స్వంత పనా?"

"స్వంత పనే. ఇంట్లున్న నా ఫోన్ మోగితే ఎత్తొద్దని చెప్పుండ్రి. గంతే."

ఆయన సరేనన్నాడు. నా గుండె కుదుటపడింది. నా తెలివికి నేనే మురిసిపోయి, దుంగ అడిగినవాడి భుజం కూడా తట్టాను.

కాసేపటికి నా కింద పని చూసే సర్దార్ ఒకతను పరుగున వచ్చాడు. "అన్నా, నిన్ను జల్ది మీదికి రమ్మంటున్నరు. అంబులెన్సు వచ్చిందట, మంది జమైండ్రట."

గబగబా తలలు లెక్కపెట్టాను. నా మనుషులంతా నా కళ్ళ ముందే ఉన్నారు. అయితే పక్క డిస్ట్రిక్టులో, అంటే బాయిలోనే ఇంకో భాగంలో, ఎవడికో ఏదో జరిగింది. కేజ్‌లో పైకి వస్తున్నంతసేపు ఒక్కొక్కడి ముఖం గుర్తు చేసుకున్నాను. ఓడా లేదు, గ్రీసూ లేదు, నార్వే అంతకన్నా లేదు. ఎవరికీ ఏమీ కావద్దు దేవుడా అని తప్ప ఇంకో ఆలోచన రాలేదు.

మీద సగం కాలనీ ఉంది. అంబులెన్సు తలుపు తెరిచి ఉంది, మేనేజరు కారు దిగుతున్నాడు, ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నా ముఖం నిండా బొగ్గు, కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. పక్కనున్న ముసలాయన చెయ్యి పట్టుకుని, ఎవరికేమైంది కాకా అని అడిగాను.

"ఓవర్‌మెన్ రాజేశం అట బిడ్డా," అన్నాడాయన కండువాతో కళ్ళు తుడుచుకుంటూ. "మంచోడే. ఓడెక్కుతా అనుకున్నడు, పాపం."

మీ దగ్గర దాపరికం ఎందుకు, ఒక్క క్షణం నాకు నిజంగానే దుఃఖం వచ్చింది. ఎంత పనైపాయె రాజేశం అనుకున్నాను. ఆ తర్వాతే ఆ రాజేశం నేనేనని తట్టింది.

జరిగింది ఇది. నరహరి గారు ఫోన్ చేసి తన మర్యాదకు తగ్గట్టు, "అమ్మా, నేను బాయి మీది నుంచి మాట్లాడుతున్న. రాజేశం గారు కిందనే ఉన్నరు. మీరేం ఫికర్ పడొద్దు," అని మొదలుపెట్టాడట. బొగ్గుబాయి కాలనీలో షిఫ్టు నడుస్తుండగా బాయి మీది నుంచి ఫోన్ వస్తే, ఫికర్ పడొద్దు అన్న మాట తర్వాత ఏ ఆడమనిషీ ఇంకో మాట వినదు. మా నాయనా బాయి పనే చేశాడు. మా అమ్మ ఒకసారి అట్లా ఉరికిన రోజు నాకు తెలుసు. అన్నీ తెలిసీ నేను ఆ ఫోన్ చేయించాను. సరోజ తన ఫోన్ అక్కడే పడేసి, ఛార్జింగ్‌లో ఉన్న నా ఫోన్ గుంజుకుని, చెప్పులు లేకుండా వచ్చింది. వెనకే మా వరస క్వార్టర్లన్నీ వచ్చాయి. ఆ ఉరుకులు చూసి ఎవరో అంబులెన్సుకూ, మేనేజరుకూ కబురు పెట్టారు.

నన్ను నడకలోనే గుర్తు పట్టింది. మందిని తోసుకుంటూ వచ్చి నా చొక్కా రెండు చేతులా పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

"ఏమైందయ్యా నీకు?"

"ఏం కాలే సరోజా."

"మరి బాయి నుంచి ఫోన్ ఎందుకు చేయించినవ్?"

మేనేజరు చూస్తున్నాడు. నరహరి గారు చూస్తున్నాడు. అప్పుడు ఆమె చేతిలో నా ఫోన్ మోగింది. గోలలో వినపడక సరోజ స్పీకర్ నొక్కింది. కరీంనగరాయన గొంతు బాయి మీద అందరికీ వినిపించింది. సార్, నార్వేకు రెండు టికెట్లు చేసేస్తున్నాను, మందపాటి కోట్లు మరిచిపోకండి అన్నాడు.

"నార్వేనా?" అంది సరోజ.

"గేట్ మీటింగుల తీర్మానమైంది," అన్నాను. నా జీవితంలో అంతకంటే దిక్కుమాలిన మాట నేను మాట్లాడలేదు.

"నా ప్రయాణానికి గేట్ మీటింగు పెట్టిండ్రా?"

"మీ అన్న పెట్టిండు."

"నువ్వు చెయ్యి ఎత్తినవా?"

"ఎత్తిన."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నా చొక్కా వదిలేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోన్ దగ్గరికి తీసుకుని మాట్లాడింది. ఆ గొంతు అంత నిదానంగా ఉండటంతో నాకు భయం వేసింది.

"హలో. నార్వే టికెట్లు చెయ్యుండ్రి. పేర్లు రాసుకోండ్రి. రాజేశం, మల్లేశం. ఒక్కటే రూము. గ్రీసుకు సరోజ, లక్ష్మి. పాస్‌పోర్టులు నలుగురివి ఉన్నయి."

లక్ష్మి వదినె అప్పటికే వచ్చి ఆమె పక్కన నిలబడి తల ఊపుతోంది. మందిలో ఉన్న మల్లేశం బావ నోరు తెరిచాడు గానీ మైకు లేకపోయేసరికి మాట రాలేదు.

"తీర్మానం మీరే చేసిండ్రు అన్నా," అంది సరోజ. "అమలు కూడ మీరే చెయ్యుండ్రి."

ఆ మాటకు మంది చప్పట్లు కొట్టారు. చేతులెత్తించనవసరం లేకుండా ఏకగ్రీవమైంది. అంబులెన్సు డ్రైవర్ నవ్వు ఆపుకోలేక స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచి ఏమన్నాడో మాత్రం రాయను.

ఎండాకాలంలో ఎవరి ఓడ వాళ్ళం ఎక్కాం. నార్వే గురించి అబద్ధం చెప్పను, అందమైన దేశం. కొండల మీది నుంచి నీళ్ళు జారుతుంటే చూస్తూ నిలబడిపోయాను. కానీ గదిలో ఒకటే మంచం, ఆ మంచం మీద మా బావ, ఆ బావకు గురక. పొద్దు గూకకపోవడంతో ఆ గురకను చీకట్లో వినే సుఖం కూడా దక్కలేదు. నిద్ర పట్టక లేచి చూస్తే ఆయన నోరు తెరుచుకుని సూర్యకాంతిలో వెలిగిపోతూ కనిపించేవాడు. భార్యతో ఉండాల్సిన చోట ఆ దృశ్యం చూడటం కంటే పెద్ద శిక్ష ఏ మేనేజరూ వేయలేడు.

ఒకరోజు సరోజ వీడియో కాల్ చేసింది. కొండ మీద ఇళ్ళ మధ్య నూలు చీర కట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ అన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక గోడకు వేలు రాసి, ఆ వేలు నాకు చూపించింది. వేలికి ధూళి అంటలేదు.

"నిజంగనే తెల్లగున్నదయ్యా," అంది.

ఆమె పక్కన నేను లేనే అని ఏడుపొచ్చింది. వెనక నుంచి బావ, ఎవరు బావా ఫోన్ల అంటూ మంకీ క్యాపుతో తల దూర్చాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇక ఈ పేజీ చదివిన మీ అందరి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఏ నాయకుడు చెప్పినా, ఎంతమంది జిందాబాద్ కొట్టినా, బాయి ఫోన్‌లో ఇంటికి ఇంకెప్పుడూ కబురు పంపను. రేపు నేను నిజంగానే పోయినా సరే, ఆ సంగతి నరహరి గారికి అప్పజెప్పను. నేనే ఇంటికి నడిచివచ్చి, చెప్పులు బయట విడిచి, సరోజను కూర్చోబెట్టి మెల్లగా చెప్పుకుంటాను.