చౌడక్క విప్పలేని చిక్కు

ధర్మవరంలో ఏ మగ్గం ఇంట్లో పట్టుదారం చిక్కుపడినా అది చౌడక్క ఒళ్ళోకి రావాల్సిందే. కళ్ళకు శుక్లాలు కమ్మి మనుషులే మసగ్గా కనిపించే వయసులోనూ వేళ్ళతో తడిమి పోగు పోగునూ విడదీసేది. ఎవరైనా కత్తెర తీస్తే కొట్టేంత పని చేసేది. తెంపడం చేతగానివాళ్ళ పనని ఆమె లెక్క.

ఆమె ఇంటి పెరడు పెద్దదేం కాదు. ఒక వేప, ఒక దానిమ్మ, నీళ్ళ తొట్టి, అంతే. అయినా ఉగాది వచ్చిందంటే చాలు, చెవులు అక్కడే వేసి కూర్చునేది. వేపపూత మీద తేనెటీగల రొద, తొట్టి దగ్గర గోరువంకల కొట్లాట, పెంకుల మీద ఉడుత పరుగు. దానిమ్మ పూలకు వచ్చే తేనెపిట్ట అంటే మాత్రం ప్రాణం.

ఆ ఏడు తేనెపిట్ట దానిమ్మ కొమ్మకే గూడు మొదలుపెట్టింది. పాపం, బూజూ పీచూ ఏరుకొస్తోందని కోడలు పాపమ్మ చెప్పింది. చౌడక్క మనసు ఊరుకోలేదు. మగ్గం కింద రాలిన పట్టుపోగులు ఏరి కొమ్మలకు తగిలించింది. యుద్ధంతో పట్టు దొరక్క సగం మగ్గాలు మూలపడిన రోజులవి.

"ఏమ్మా, మనకే పోగు లేకుంటే పిట్టకు పట్టుగూడా?" అని నవ్వాడు కొడుకు ఉలిగప్ప.

"మగ్గమోళ్ళ ఇంట్లో పుట్టే బిడ్డలబ్బా. పట్టు మీద పండుకోనీ."

పిట్ట ఒక్క పోగూ వదల్లేదు. గుడ్లు పెట్టింది, పొదిగింది. పిల్లల కిచకిచలు వింటూ చౌడక్క మురిసిపోయింది. రెక్కలొచ్చాక ఒక పిల్ల ఎగిరిపోయింది. రెండోది గూట్లోంచి దూకి, కిందికి రాకుండా గాల్లోనే వేలాడింది.

పిల్ల కాళ్ళకు చుట్టుకున్న పట్టుపోగు గూటికి తగులుకుని ఉంది; పాపమ్మ దాన్ని గూటినుంచి ఊడదీసి పిల్లను అత్త అరచేతిలో పెట్టింది. చౌడక్క వేళ్ళతో తడిమింది. పోగు కాళ్ళనూ ఒక రెక్కనూ కలిపి బిగించేసింది. పిల్ల పెరిగేకొద్దీ అది ఒంట్లోకి దిగిపోయింది. బూజైతే ఎప్పుడో తెగిపోయేది. పట్టు తెగదు.

"కత్తెర తేవే" అంది. ఆ మాట ఆమె నోట పాపమ్మ ఎన్నడూ వినలేదు.

తెచ్చింది గానీ ఏం లాభం? కాలూ పోగంత సన్నమే. ఎంత తడిమినా ఏది ఏదో వేళ్ళకు తెలియలేదు.

"నువ్వు చూడు పాపా."

"మాంసంలో కలిసిపోయుండాది అత్తా. కోస్తే కాలే వస్తాది."

"నా చేత్తో నేనే కట్టినట్టయిందే" అని చౌడక్క ఏడ్చింది. ఇద్దరూ చేసేదేమీ లేక పిల్లను మళ్ళీ గూట్లోనే పెట్టారు.

కాసేపటికి తల్లి పురుగు తెచ్చింది. గూటి దగ్గరికి పోలేదు. ఎదురు కొమ్మ మీద కూర్చుని పిలిచింది. బయటికొస్తేనే మేత, ఎగరడం అట్లాగే నేర్పుతుంది. లోపల్నుంచి పిల్ల అరిచింది. తల్లి ఇంకో కొమ్మ వెనక్కి జరిగి మళ్ళీ పిలిచింది.

"అది రావాలన్నా రాలేదని దాని తల్లికి ఎట్ల చెప్పేదే?" అంది చౌడక్క.