పెద్దాడి తీగ, చిన్నాడి ఫోను

నిన్న ఇంటికి కొత్త నెట్ పెట్టడానికి ఒకాయన వచ్చాడు. గోడ మీద పాత తీగ చూసి, "మాతాజీ, ఇది కోసేయనా?" అని హిందీలో అడిగాడు. కోసేయమన్నాను. కోసేవరకూ పక్కనే నిలబడ్డాను. ఇన్నేళ్ళయినా ఆ తీగని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. సెక్టర్ ఆరులో ఉక్కు ప్లాంటువాళ్ళు పెద్దాడికిచ్చిన ఈ రెండు గదుల క్వార్టర్లో మేం ఆరుగురం: నేనూ, ఇద్దరు కొడుకులూ, ఇద్దరు కోడళ్ళూ, పెద్దాడి కూతురూ. అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక కంప్యూటర్ కొన్నారు. వాళ్ళు కలిసి చేసిన పని అదొక్కటే. పెద్దాడు కేబుల్ టీవీ వాడి దగ్గర నెట్ తీసుకున్నాడు. వాడు డాబాల మీంచీ వేపకొమ్మల్లోంచీ తీగ లాక్కొచ్చి మా కిటికీలోంచి లోపలికి తోశాడు. చిన్నాడికి అది నచ్చక, ఇంటి ఫోనులోంచి వచ్చే నెట్ ఇంకోటి పెట్టించాడు. అది కలిసేటప్పుడు పిల్లి గొంతు నొక్కినట్టు కూసేది. ఒక్క ఇంటికి రెండెందుకురా దండగ అంటే వినలేదు. ఒకడి తీగ ఇంకొకడు పీకడం, దెబ్బలాడుకోవడం, చివరికి మాటలు మానేశారు. ఒకే చాప మీద కూర్చుని తింటూ, "అమ్మా, పచ్చడి ఇటు జరపమను వాడిని," అనేవారు. నాకు విసుగొచ్చి తీర్పు చెప్పాను: ఎవడి తీగ వాడిదే, రెండోవాడు ముట్టుకుంటే ఊరుకోను. నా మాటంటే ఇంట్లో అందరికీ భయం. కోడళ్ళు నోరెత్తేవారు కాదు. అది నాకు గొప్పగానే ఉండేది.

ఆ ఏడు మనవరాలు పన్నెండో తరగతి. ఇంజినీరింగ్ పరీక్ష ఫారం నెట్లోనే నింపాలి. దానికి కావలసిన కాగితం స్కూలువాళ్ళు ఆఖరి రోజు దాకా ఇవ్వలేదు, ఆ రోజు సాయంత్రం ఐదు వరకే గడువు. ఆ మధ్యాహ్నమే గాలికి ఎక్కడో కేబుల్ తెగింది. పెద్దాడు మధ్యాహ్నం షిఫ్టుకి ప్లాంటుకెళ్ళిపోయాడు. మనవరాలు గుంట నా దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది: "నానమ్మా, నాన్న కేబుల్ తార్ పెట్టి ఉంది కదా, అందుకే నెట్ ఉందనుకుంటోంది కంప్యూటర్. అది తీసేస్తే ఫోన్ నెట్‌ని అదే కలుపుకుంటుంది. బస్, అంతే."

చిన్నాడు మంచమ్మీద పడుకుని ఉన్నాడు. తియ్యరా అన్నాను. "అన్నయ్య తీగ నేను ముట్టుకోను. నీ మాటే కదమ్మా," అన్నాడు, కళ్ళయినా తెరవకుండా.

నేను చెయ్యి చాపి లాగేస్తే అయిపోను. చెప్పిన మాట నేనే ఎలా తప్పుతానని, పెద్దాడిని అడగడానికి ప్లాంటుకి ఫోన్ చేశాను. వాడిని పిలవడానికి ఎవరో లోపలికెళ్ళారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. ఫోన్ నా చేతిలో ఉన్నంతసేపూ నెట్ కలవదని నాకు తట్టలేదు. గుంటకి తెలుసు. గడియారం వైపూ నా వైపూ చూసింది గానీ చెప్పడానికి భయపడింది. మా నాన్నా చిన్నాన్నా పంతాలకి పోయి, నన్ను బడికి ఎవరు దిగబెట్టాలో తేలక, మూడో తరగతితో మానిపించేశారు. ఆ సంగతి ఆ పిల్లకి వందసార్లు చెప్పి ఉంటాను. చెప్పిన నేనే అలా నిలబడ్డాను.

చివరికి పెద్దాడు ఫోన్ దగ్గరకొచ్చి, "ఎవరినీ ముట్టుకోవద్దను. నేనొచ్చి చూస్తాను," అన్నాడు.

"రాత్రి పదింటికొచ్చి ఏటి చూస్తావురా? నీ కూతురి మొహమా?" అని ఫోన్ పెట్టేసి, తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాను. కూత మొదలైంది. పేజీ తెరుచుకునేసరికి ఐదు దాటిపోయింది. గుంట అందులో రాసింది చదివి, "బంద్ అయిపోయింది నానమ్మా," అంది. ఏడవలేదు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి, నాలుగు మూలలూ సర్ది లేచింది. ఆ పూట కొడుకులిద్దరికీ అన్నం పెట్టలేదు. నేనూ తినలేదు.

తరవాతి ఏడు రాసింది, సీటూ వచ్చింది, ఇప్పుడు రాయపూర్లో ఉద్యోగం. అన్నదమ్ములు ఆ సంగతి నవ్వుకుంటూ చెప్పుకుంటారు. ఒక్క ఏడాదే కదమ్మా అంటాడు పెద్దాడు. తనతో చదివినవాళ్ళు కాలేజీకి పోయే వేళకి ఆ ఏడాదంతా గుంట కిటికీ తెర వేసేసుకునేది, నేను చూశాను. ఏడాది ఎంత పొడుగో దాన్ని పోగొట్టుకున్న పిల్లకే తెలుసు. పోగొట్టిన మా ముగ్గురికీ అది ఒక్క ఏడాదే.