ఒకే తీగ మీద రెండు ఇళ్లు

ఆ రోజుల్లో మెతోదికి పలకరింపంటూ ఏదైనా ఉందంటే, అది గొట్టం మీద గరిటె దెబ్బలే. రూసె ఊళ్లో ఎనిమిదంతస్తుల భవనంలో అతనిది అయిదో అంతస్తు. సరిగ్గా కింద రాయ్నా ఇల్లు. ఇద్దరి ఫోను నంబర్లు వేరైనా తీగ ఒక్కటే. ఒకరు రిసీవరు ఎత్తితే రెండో ఇంట్లో ఫోను మూగబోతుంది. అప్పుడు ఆ ఇంటివాళ్లు గదిని వెచ్చబరిచే ఇనప గొట్టాన్ని మూడుసార్లు కొడతారు. ఇక పెట్టెయ్యమని దానర్థం.

మెతోది మాత్రం ఏళ్ల తరబడి ఫోను ఎత్తిన పాపాన పోలేదు. ఎవరికి చేస్తాడు? భార్య పోయి ఆరేళ్లు. పడవల నక్షాలు గీసే ఉద్యోగం ముగిసి నాలుగేళ్లు. ఏమీ తోచక పాత కంప్యూటరొకటి కొన్నాడు. అక్కడ మొదలైంది తంటా. అతను ముట్టుకోకుండానే ‘కనెక్ట్ అవుతోంది’ అంటూ తెర మీద చిన్న పెట్టె ఊడిపడేది, ఫోను తీగకు తగిలించిన మోడెం కీచుమనేది, కిందనుంచి ఠంగు ఠంగు ఠంగుమని మోత. గబగబా రద్దు చేసేవాడు. కాసేపటికి మళ్లీ అదే వరస.

సెప్టెంబరులో ఒకరోజు రాయ్నాయే పైకొచ్చింది. చేతుల నిండా కాల్చిన మిరపకాయల మసి.

“ఏమండీ మెతోది గారూ, ఆ తీగేమన్నా మీ తాతగారు రాసిచ్చిన ఆస్తా?”

“నేను కాదమ్మా, కంప్యూటరు దానంతటదే...”

“దానికెవరితో కబుర్లండీ, మీకే లేకపోతేనూ! మా చెల్లి వార్నాలో ఆసుపత్రిలో ఉంది. రేపోమాపో ఆపరేషను. ఆ కబురు నాకు అందకపోవాలి, అప్పుడు చెప్తా మీ సంగతి!”

“ఇవాళే చూస్తానమ్మా.”

ఆమె మెట్లు దిగిపోయాక గానీ కాఫీ తాగమనలేదని గుర్తు రాలేదు. ఆ గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఎన్నాళ్లయిందో!

తర్వాత గళ్ల పుస్తకం తీసి, పెట్టె ఊడిపడిన వేళలు రాశాడు. తొమ్మిదీ పది, తొమ్మిదీ నలభై, పదీ పది. సరిగ్గా అరగంటకోసారి. ఉత్తరాలు తెచ్చే ప్రోగ్రాం ఆపాడు. లాభం లేదు. వైరస్సులు వెతికేదాన్ని ఆపాడు. ఊహూఁ. చివరికి తెర మూలన నవ్వుతున్న బుల్లి సూర్యుడి మీద అనుమానం వచ్చింది. పత్రికతో వచ్చిన డిస్కులోంచి తానే ఎక్కించుకున్న బొమ్మ. రూసెలో ఎండో వానో అరగంటకోసారి ఇంటర్నెట్టునడిగి చెబుతుంది. కిటికీలోంచి తొంగిచూస్తే తెలిసే సంగతి! దాన్ని తీసేశాడు. పదకొండూ నలభై దాటింది, పన్నెండూ పది దాటింది. పెట్టె రాలేదు. సంబరపడ్డాడు, ఆ సంబరం చెప్పుకోవడానికి మనిషి లేడు.

రెండ్రోజులకి కింద ఫోను మోగింది. “గండం గడిచిందా తల్లీ!” అని రాయ్నా ఏడుస్తూ నవ్వడం నేల గుండా వినిపించింది. మెతోదికీ కళ్లు చెమ్మగిల్లాయి. ఆ సంతోషంలో తనకూ కాస్త వాటా ఉందనిపించింది.

ఆ తర్వాత గొట్టం పలకలేదు. వారం గడిచింది, పది రోజులయింది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఆమె తిట్టడానికే కొట్టేది, నిజమే. కానీ పైన ఒక మనిషున్నాడని తెలిసి కొట్టేది.

పదకొండో రోజు మధ్యాహ్నం మెతోది చేసిన పనికి పాపం అనాలో, బుద్ధుందా అనాలో నాకు తెలియదు. రిసీవరు ఎత్తి బల్ల మీద పెట్టాడు. గొట్టం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గంట గడిచింది. రాయ్నాకూ ఎవరికీ ఫోను చెయ్యాల్సిన పని పడలేదేమో! రెండో గంట కూడా గడవబోతుండగా గొట్టం మోగింది, ఠంగు ఠంగు ఠంగు.

“పెట్టేస్తున్నా, పెట్టేస్తున్నానమ్మా!” అని గట్టిగా అంటూ రిసీవరు పెట్టేశాడు. ఆ వారంలో అతను నోరు విప్పడం అదే మొదలు.