గడియ వేశావా అని అడిగే చిలక

ఆ ఏడు కార్తీకమాసంలో మా వీధి ఆడవాళ్ళమంతా రాజమండ్రిలో లాంచీ ఎక్కి పాపికొండలకు వెళ్ళాం. నా ఒళ్ళో గుడ్డ కప్పిన పంజరం, అందులో మా అత్తగారి చిలక. ఆవిడ పోయి అప్పటికి మూడు నెలలు. బతికున్నన్నాళ్ళూ దీపాలవేళ కాగానే వీధిగదిలోంచి "అమ్మాయ్, గడియ వేశావా?" అని అడిగేది. పన్నెండేళ్ళ కాపురంలో ఒక్కనాడూ నోటితో జవాబు చెప్పలేదు నేను. గడియని ఠపీమని చప్పుడయ్యేలా వేసేదాన్ని. అంత పొగరు నాకు. ఆవిడ పోయాక చిలక అదే గొంతుతో, అదే వేళకి అడగడం మొదలెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయేది. అడవిలో వదిలేస్తే పుణ్యమని అందరికీ చెప్పాను కానీ, పీడ వదుల్చుకుందామనే నా ఆత్రం.

దేవీపట్నం దాటాక కొండలు దగ్గరికొచ్చాయి. గట్టుమీద మేడిచెట్టు నిండా చిలకలే. ఒకటి తలకిందులుగా వేలాడి పండు కొరికి, సగం పారేసి, పక్కదాని పండుకి ఎగబడేది. మేం నవ్వుకుంటున్నాం. అంతలో పైన డేగ తిరిగింది. చిలకలన్నీ కీచుమంటూ లేచి, ఏరు దాటి అవతలి వెదురుపొదల్లోకి వెళ్ళిపోయాయి. గుడ్డ తీసి మా చిలకకి చూపించాను. అది కమ్మీ పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయింది.

లాంచీ నడిపే సరంగు పంజరంలోకి వంగి చూశాడు. "రెక్కలు కోసినట్టున్నారేంటమ్మగారూ? ఎగరలేకపోతే ఇక్కడ ఒక్కరోజు బతకదండి."

"మళ్ళీ వచ్చేశాయండి. ఇంట్లో ఎగురుతూనే ఉంది" అన్నాను.

పచ్చి అబద్ధం. పంజరం కడిగేటప్పుడు పారిపోతే అత్తగారి చిలకని పోగొట్టిందంటారని, పది రోజుల కిందట కత్తెర వేసింది నేనే. మళ్ళీ ఈకలొచ్చేదాకా ఆగొచ్చు. ఆగలేదు. పెద్దింటి కోడలి మాట కదా, ఆయన నమ్మి వెళ్ళిపోయాడు.

భోజనాలకి ఓ రేవు దగ్గర ఇసుకలో ఆగినప్పుడు పంజరం తలుపు తీశాను. చిలక దూకి ఇసుకలో బోర్లా పడింది. లేచి, తడబడుతూ నా చీర కుచ్చెళ్ళ వెనకే నడిచొచ్చింది. "పాపం, వదల్లేకపోతోంది" అన్నారు మావాళ్ళు. నేను దాన్ని తీసి గట్టుమీది ఓ కురచ కొమ్మమీద పెట్టి, వెనక్కి చూడకుండా లాంచీ ఎక్కాను.

తిరుగు ప్రయాణంలో అదే రేవు పక్కనుంచి వస్తుంటే పొద్దు వాలింది. గట్టుమీంచి వినబడింది: "అమ్మాయ్, గడియ వేశావా?"

అందరూ ఎంత ముద్దుగా అడుగుతోందో అని మురిసిపోయారు. లాంచీ ఆపమని ఒక్క మాట అంటే సరంగు ఆపేవాడు. నేను అనలేదు. అది రెండోసారీ అడిగింది. మూడోసారి అడిగిందో లేదో ఇంజను హోరులో తెలియలేదు.

మా వీధిలో ఇప్పటికీ నన్ను దయగల తల్లి అంటారు. కాదని ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి. సాయంత్రం గడియ వేశాక మాత్రం "వేశానండీ" అని పైకే అంటాను. అడిగేవాళ్ళెవరూ లేరు ఇంట్లో.