వదిన తొడగొట్టిన రోజు

బ్యాంకు పరీక్షల కోసం హన్మకొండలో కోచింగ్‌కు వెళ్తున్న రోజులవి. మా సారు రోజూ కొన్ని ఇంగ్లిషు మాటలు బోర్డు మీద రాసి, వాటితో మా చేత వాక్యాలు చెప్పించేవాడు. ఒకరోజు ‘ఎగ్జల్టెంట్’ అని రాసి నన్ను లేపాడు.

“సంతోషంగా ఉండటం సార్” అన్నాను.

“సంతోషమంటే లడ్డు తిన్నా వస్తదమ్మా. ఇది గెలిచినోళ్ల సంతోషం. లోపల పట్టదు, బయటికి తన్నుకొస్తది. నీకెప్పుడన్న అట్లయిందా? అది చెప్పు, వాక్యం దానంతటదే వస్తది.”

ఎంత వెతుక్కున్నా ఒక్కటీ దొరకలేదు. డిగ్రీ పాసైనప్పుడు కూడా ‘హమ్మయ్య’ అనుకున్నానంతే. సారు తల ఊపి కూర్చోమన్నాడు.

సాయంత్రం ఇంట్లో ఆ మాటే పైకి చదువుకుంటున్నాను. వదిన పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మా అన్న పవర్‌లూమ్ షెడ్డులో పనిచేస్తాడు. వదినది పాలకుర్తి దగ్గర పల్లె. ఆమె మా ఇంటికి వచ్చి చాలా ఏళ్లయినా, గొంతు గడప దాటి వినిపించగా నేను వినలేదు. అమ్మ ఏమన్నా “సరే అత్తమ్మా” అనేది, అంతే. నేను చదివే మాటల అర్థాలు మాత్రం అడిగేది.

“గది ఏం మాట పిల్లా?”

సారు చెప్పిందే చెప్పాను. వదిన చేతిలో కాయ పక్కన పెట్టింది.

“దానికి ఇంగ్లిషుల పేరు గూడ ఉన్నదా” అని, మళ్లీ ఈనెలు తీయడంలో పడింది.

ఆ మాటను నేనప్పుడు పట్టించుకోలేదు.

ఆ వారంలోనే మహిళా దినోత్సవం వచ్చింది. మా బస్తీ మహిళా సంఘాలవాళ్లు బడి గ్రౌండులో ఆటల పోటీలు పెట్టారు. అమ్మ సంఘంలో ఉంది కాబట్టి మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లింది. కుర్చీలాట అయింది, చెంచాలో నిమ్మకాయ అయింది. పరుగు పందెం అనగానే వదిన లేచి వెళ్లి పేరు చెప్పింది. ఎవరో బలవంతం చేసి ఉంటారనుకున్నాను. అమ్మ అయితే నవ్వింది. “సగం దూరం పోయి దమ్మొచ్చి కూసుంటది సూడు.”

వదిన చెప్పులు విప్పి పక్కన పెట్టింది. కొంగు నడుముకు బిగించి కట్టింది, కుచ్చిళ్లు పైకి దోపింది. ఆమె పక్కన ట్రాక్‌ప్యాంటు, షూ వేసుకున్న అమ్మాయి ఒకతె ఉంది. రోజూ జిమ్‌కు పోతుందట. గెలిచేది ఆ అమ్మాయేనని అందరం అనుకుంటున్నాం.

ఈల మోగింది. తర్వాత జరిగింది నా కళ్లకు సరిగా అందలేదు. వదిన అసలు నేల మీద పరుగెత్తుతున్నట్టే లేదు. తల కదలడం లేదు, మోకాళ్లు మాత్రం ఛాతీ దాకా లేస్తున్నాయి. జిమ్ అమ్మాయి ఎక్కడో వెనక పడిపోయింది. గీత దాటాక కూడా వదిన ఆగలేదు, గోడ దాకా పోయి వెనక్కి తిరిగింది. రెండు చేతులూ పైకెత్తి ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు గ్రౌండంతా గప్‌చుప్ అయిపోయింది. అందరూ చూస్తుండగానే కాలు ముందుకు వేసి, ఫట్‌మని తొడ కొట్టింది.

ఆ మనిషి మా వదినేనా?

“అమ్మవారు పూనినట్టున్నది, పసుపు నీళ్లు తేండ్రే!” అని ఒక ముసలమ్మ లేచింది. ఇద్దరు ఆడవాళ్లు వదినను పట్టుకోబోయారు. వదిన వాళ్ల చేతులు మెల్లగా విడిపించుకుంది. కళ్ల నిండా నీళ్లు, మొహం నిండా నవ్వు.

“ఏ అమ్మవారూ రాలే పెద్దమ్మా. నేనే.”

అమ్మ మొహం నల్లబడింది. ఇంట్లోకి రాగానే అడిగింది.

“గా ఉరుకుడు ఎక్కడ నేర్సినవే?”

“బళ్లె అత్తమ్మా. జిల్లా దాంక పోయిన. ఫస్టొచ్చిన.”

“మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?”

“మీరు అడగలే గద. చూడొచ్చిన్నాడు వంటొస్తదా అనడిగిండ్రు, కుట్టుపని ఒస్తదా అనడిగిండ్రు.”

ఇంట్లోనే ఉన్న అన్న నమ్మలేక వదిన పుట్టింటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అటునుంచి వదిన వాళ్లమ్మ గొంతు తడబడింది. “నిజమే అల్లుడా. గ్రౌండ్ల ఉరికే పిల్లంటే సంబంధం తప్పిపోతదని మేమే చెప్పొద్దన్నం. ఒట్టేయించుకున్నం. జర మనసుల పెట్టుకోకుండ్రి.”

అన్న ఫోను పెట్టేశాడు. నేను వదిన వైపు చూశాను. ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే కంచంలో తిన్నాం. నాకు ఈమె గురించి ఏం తెలుసు? ‘ఎగ్జల్టెంట్’కు అర్థం నేనే ఆమెకు చెప్పాననుకున్నాను.

అమ్మ చాలా రోజులు ముభావంగానే ఉంది. కోడలు అటూ ఇటూ నడుస్తుంటే ఆమె పాదాల వంకే చూస్తూ కూర్చునేది. ఒక పొద్దున చీపురు తన చేతిలోకి లాక్కుని, “నీకు గ్రౌండుకు పోవాల్నని ఉన్నదా?” అని అడిగింది. “ఉంటే పో. ఎండ రాకముందుకే రా” అంది అమ్మ, మొహం చూడకుండానే వాకిలి ఊడుస్తూ. అన్న షూ కొనుక్కొచ్చాడు. సైజు పెద్దదైతే మార్చుకురావడానికి మళ్లీ తనే వెళ్లాడు.

ఇప్పుడు నేను పొద్దున్నే పాల కోసం వెళ్లేటప్పుడు, మంచులో ఎవరో ఎదురుగా పరుగెత్తుకుంటూ వస్తారు. భుజాలు విరిచి, మెడ నిటారుగా పెట్టి. దారి ఇవ్వడానికి పక్కకు జరుగుతాను. “నేనే పిల్లా” అని అరుచుకుంటూ దాటిపోయాక గాని నాకు తెలియదు, వెళ్లింది మా వదినని.