జాలీ తీసిన చోట ఉమ్మే సల్మా

నా వ్యాను గొప్పలు చెప్పడం మొదలుపెడితే పొద్దు గూకుతుంది. మొగిలి ఘాటులో చిరుతపులి ఎదురొచ్చి, నేను బండి తోలే తీరు చూసి పక్కకు జరిగి దారిచ్చిందంటే మీరు నమ్మరు. నమ్మకండి. తొమ్మిదిలో బడి మానేసిన మునికుమార్ చెప్పే వంద మాటల్లో తొంభై తొమ్మిది గాలికి వదిలేయొచ్చు. ఈ ఒక్కటి మాత్రం ఉంచుకోండి. దీన్ని నేను ఒక్క పిసరు కూడా పెంచలేదు. పెంచే అవసరం రాలేదు.

చిత్తూరు నుంచి బంగారుపాళ్యం అవతలున్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఇరవైమంది ఆడవాళ్ళను రోజూ చేరవేసేది నేనే. అందులో ముందు సీటు ఉమ్మే సల్మాది. టైలరు కూతురు. బళ్ళో నా పక్క బెంచీ. పరీక్షల్లో పేపరు నా వైపు తిప్పి పెట్టేది. అయినా తప్పిన ఘనత నాది. ఇప్పుడు ఆమె ఫ్యాక్టరీలో కోత లైనుకు పెద్ద.

ఆమె తలగుడ్డ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ఊరంతా దాని గురించే చెబుతుంది. వాళ్ళమ్మ ఏనాడూ హిజాబ్ కట్టలేదు, కొంగు కప్పుకునేది అంతే. సల్మా ఇరవయ్యో ఏట తనంతట తాను మొదలుపెట్టింది. "మా బిడ్డ మాకంటే ముసల్ది అయిపోయిందప్పా" అని వాళ్ళ నాయన నవ్వాడు. చెల్లెలు అఖ్సా ఇప్పటికీ కట్టదు. ఆ ఇంట్లో దాని మీద గొడవ జరగ్గా నేను వినలేదు. నా చెవులకు వినపడని గొడవ చిత్తూరులో లేదు.

ఇక ఆమె ధైర్యం. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ లేదని ఆర్నెల్లు అడిగి, ఏడో నెల ఇరవైమందినీ వెంటబెట్టుకుని మేనేజరు గది ముందు వరస కట్టించింది. "మీ దానికి గడియ ఉండాది కదా సార్, ఇదే వాడుకుంటాం" అంది. సాయంత్రానికి కొత్త గడియ వచ్చింది. హేమశ్రీ అనే పిల్ల నడుము మీద చెయ్యేసిన లోడరుతో ఆమె ఏం మాట్లాడిందో తెలియదు గానీ, వాడు మర్నాటి నుంచి ఫ్యాక్టరీ ముందు రోడ్డు మీద కూడా కనబడలేదు.

అలాంటి మనిషి ఈ సీజనులో భయపడటం చూశాను.

గుజ్జు యంత్రానికి పైన గరాటులాంటి నోరుంటుంది. కోసిన కాయ ముక్కలు అందులో పడితే లోపలి రెక్కలు తిరిగి గుజ్జు ఒక పక్కకు, టెంక ఒక పక్కకు పోతాయి. ఆ నోటి మీద ఒక ఇనుప జాలీ ఉండాలి. తోతాపురి టెంకలు పెద్దవి, జాలీ కింద ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నప్పుడల్లా యంత్రం ఆపి, జాలీ ఎత్తి, తీయాలి. కాయ లారీలు హైవే దాకా వరస కట్టి ఉంటే అంత ఓపిక ఎవరికి? రెండేళ్ళ కిందట జాలీ తీసేశారు. అప్పటినుంచి టెంక అడ్డం పడితే చేత్తోనే లోపలికి తోయడం అలవాటైంది. తీసేయమని మొదట అడిగింది ఎవరనుకున్నారు? సల్మానే. పని తొందరగా అయితే చీకటి పడకముందే ఇళ్ళకు చేరొచ్చని.

ఈ జూన్‌లో ఆ నోరు మూడు చేతి తొడుగులు లాక్కుంది. లోపల చెయ్యి లేకపోవడం అదృష్టం. మొన్న శనివారం హేమశ్రీ జడ జారి ముందుకు, ఆ నోట్లోకి పడింది. సల్మా వెనక నుంచి జుట్టు పట్టి గుంజితే పిల్ల బతికింది, జడ కొసన కట్టిన రిబ్బను పోయింది. కింద గొట్టంలోంచి వచ్చే పచ్చటి గుజ్జులో ఎర్రటి పోగులు కనిపించాయట. తిరుగు ప్రయాణంలో ఒళ్ళంతా పట్టిన మామిడి రసం వాసనకు ఈగలు మాతోనే చిత్తూరు దాకా వచ్చాయి.

సల్మా పోయి జాలీ బిగించమని ఫ్లోరు మేనేజరు రఘునాథ్‌ను అడిగింది. శుక్రవారం తనిఖీ అధికారులు వస్తారని అతనికి తెలుసు. వాళ్ళకు చూపించడానికి ఒక కాగితం తీసి ముందు పెట్టాడు. 'నా తలగుడ్డ యంత్రం దగ్గర ప్రమాదకరం. ఇకమీదట తీసేసి పని చేస్తాను' అని అందులో ఉంది.

"దీని మీద సంతకం పెట్టు. జాలీ సంగతి తర్వాత సూస్తాం" అన్నాడు.

"పోయింది రిబ్బను సార్, నా గుడ్డ కాదు."

"ఏదో ఒక గుడ్డే కదమ్మా!"

తిరుపతిలో మహిళా సంఘం నడిపే పంకజాక్షి మేడంకు సల్మా ఫోను చేసింది. ఆమె రిటైరైన లెక్చరరు. సోమవారం పొద్దున్నే బస్సులో వచ్చి నా వ్యాను ఎక్కింది. దారిలో అడగనే అడిగింది.

"సల్మా, ఏమీ అనుకోవద్దు. నువ్వు ఇంత పోరాడే మనిషివి. ఆ గుడ్డ మగవాళ్ళు పెట్టిన నియమం కాదా? తీసేసినందుకు ఆడవాళ్ళను కొట్టి చంపే దేశాలున్నాయి."

"ఉండాయి మేడం. కొట్టి కట్టించేవాడు, కొట్టి తీయించేవాడు నాకు ఒకటే."

"చిన్నప్పటినుంచి చుట్టూ చూసినదాన్నే నీ ఇష్టం అనుకుంటున్నావేమో?"

సల్మా కిటికీలోంచి మామిడి తోటల వైపు చూసింది. "అట్ల కూడా ఉండొచ్చు. నాకూ అప్పుడప్పుడు ఆ అనుమానం వస్తాది. కానీ ఆ అనుమానం నాది మేడం. నేనే తేల్చుకుంటా. రఘునాథ్ సారు తేల్చాల్సిన పన్లేదు."

"మరి మా సంఘం?"

"మీరు తేలుస్తామన్నా ఒప్పుకోను" అని నవ్వింది.

నేను ఊరకుంటానా? "మేడం, నాకూ బట్టతల వస్తాండాది, నేనూ కట్టుకోవచ్చా?" అన్నాను.

"గమ్మున బండి తోలు మునీ. నీ తల కప్పినా కప్పకపోయినా లోపలుండేది గాలే" అంది సల్మా. వ్యానంతా నవ్వింది. ఆ తర్వాత నా వ్యానులో మళ్ళీ నవ్వు వినలేదు.

ఫ్యాక్టరీలో రఘునాథ్ మేడంకు కుర్చీ వేశాడు. "మీరే సెప్పండి మేడం. స్త్రీ స్వేచ్ఛ అనే మీరే దీన్ని సమర్థిస్తే ఎట్ల?" అన్నాడు. గడుసువాడు. మేడం తడబడింది. సల్మాను పక్కకు పిలిచి, "సంతకం పెట్టేయమ్మా. పని దగ్గర మాత్రమే కదా, జాలీ వస్తుంది" అంది.

"రాదు మేడం" అంది సల్మా. "నా గుడ్డే తప్పని కాగితం మీద ఉంటే, గుడ్డ పోయినాక యంత్రంలో ఏం తప్పు ఉంటాది? ఇంక జాలీ ఎందుకు? రేపు ఇంకో పిల్ల చెయ్యి పోతే, ఆ పిల్ల గాజుది తప్పంటారు."

అందరినీ యంత్రం దగ్గరకు పిలిచింది. వ్యాను కాడ ఉండాల్సిన నేనూ దూరాను. ఇరిగిన మామిడి పెట్టెలోంచి బారెడు చెక్క ఒకటి తీసుకుని, వెనక్కు వంగి, కొసను మాత్రం ఆ నోట్లో ఆనించింది. కన్ను మూసి తెరిచేలోగా చెక్క ఆమె చేతిలోంచి వెళ్ళిపోయింది. లోపల ఎముకలు నమిలినట్టు చప్పుడైంది. ఒక పేడు ఎగిరొచ్చి రఘునాథ్ చెప్పుల ముందు పడింది.

"ఈ చెక్క ఏ గుడ్డ కట్టుకొని ఉండింది సార్?"

హేమశ్రీ పోయి ఆపే మీట నొక్కింది. యంత్రం నిలిచిపోయింది. పంకజాక్షి మేడం రఘునాథ్ చేతిలో ఉన్న ఆ కాగితాన్ని తీసుకుని, మడిచి తన సంచిలో పెట్టేసుకుంది. "తప్పు మాట చెప్పాను సల్మా" అంది.

"జాలీ బిగిస్తేనే పనిలోకి వస్తాం" అన్నారు ఇరవైమందీ. రఘునాథ్ అరవలేదు. "సరే, పొయ్యి రేపు రాండి" అన్నాడు. అంత మెత్తగా అనడమే నాకు నచ్చలేదు.

మంగళవారం మేం వెళ్ళేసరికి గేటు వేసుంది. లోపల యంత్రం ఆడుతోంది. దూరంగా తమిళనాడు నంబరు వ్యాను ఒకటి ఆగి ఉంది. తెల్లారకముందే కొత్త ఆడవాళ్ళను దింపుకున్నారు.

సల్మా గోడ వెంబడి పరుగెత్తి, బయటి వైపుకు ఉన్న కోత గది కిటికీ కమ్మీలు పట్టుకుంది. లోపల ఆ నోటి ముందు ఒక పిల్ల నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. తల మీద ఏ గుడ్డా లేదు. టెంక ఏదో అడ్డం పడింది, చెయ్యి లోపలికి పోతోంది.

"కై వెక్కాదే మా! కై వెక్కాదే!" సల్మా అరవంలో కేక వేసింది. చెయ్యి పెట్టొద్దని. ఆ పిల్ల ఉలిక్కిపడి చెయ్యి వెనక్కు తీసుకుంది. కిటికీ వైపు, ఆ తలగుడ్డ వైపు చూసింది. రఘునాథ్ వెనక నుంచి వచ్చి ఏదో అన్నాడు. ఆ పిల్ల మళ్ళీ యంత్రం వైపు తిరిగింది.

నా అలవాటు ప్రకారం అయితే ఇక్కడ, ఏమీ కాదని చూపించబోయి రఘునాథే చెయ్యి పోగొట్టుకున్నాడని చెప్పాలి. అలా జరగలేదు. యంత్రం అలాగే ఆడింది. టెంకలు అడ్డం పడుతూనే ఉన్నాయి, చేతులు లోపలికి వెళుతూనే ఉన్నాయి. వెళ్ళిన ప్రతిసారీ కిటికీలోంచి కేక. వాచ్‌మన్ ఆమెను రెండుసార్లు లాగాడు, మా ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. మూడోసారి వాడు రాలేదు. పంకజాక్షి మేడం తనిఖీ ఆఫీసుకు ఫోను చేస్తూనే ఉంది. శుక్రవారమే వస్తామంటున్నారు.

పొద్దుగూకేదాకా సల్మా కమ్మీలు వదల్లేదు. పేరు తెలియని ఆ పిల్లల చేతుల మీదే కళ్ళు.

"ఇంటికి పోదాం రా సల్మా, గొంతు పోతాది" అన్నాను.

"జాలీ తీపించింది నేనే మునీ" అంది. సగం మాట బయటికి రాలేదు.

ఇది రాస్తున్నది బుధవారం మధ్యాహ్నం, ఫ్యాక్టరీ గోడ పక్కన వ్యానులో కూర్చుని. సల్మా గొంతు పూర్తిగా పోయింది. కిటికీ దగ్గరే నిలబడి, ఎప్పుడు అరవాలో చెయ్యెత్తి చూపిస్తోంది. హేమశ్రీ అరుస్తోంది. హేమశ్రీ అలిసిపోతే పంకజాక్షి మేడం, ఆ రెండు అరవం ముక్కలూ నేర్చుకుని, అరుస్తోంది. లోపలి పిల్లలు ఇప్పుడు తల తిప్పి చూడటం మానేశారు. తనిఖీకి ఇంకా రెండు రోజులుంది.