రాయికోడ్‌లో లేని ఇల్లు

మా ఆయనకు జహీరాబాద్‌లో మోటార్లకు వైండింగ్ కట్టే దుకాణం ఉంది. కాలంలో వెనక్కి వెళ్లే కథలంటే ఆయనకు పిచ్చి. గతంలో ఒక్క పని మారితే మనిషికి రెండో బతుకు ఎలా మొదలవుతుందో ఫోనులో వింటూ తీగ చుట్టేవాడు. అన్నం తినేటప్పుడు నాకూ చెప్పేవాడు. నేను సగమే వినేదాన్ని.

పోయినేడు కోహీర్ దారిలో బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. దవాఖానలో తెలివి రాగానే నన్ను అడిగిన మొదటి మాట:

"రాయికోడ్ ఇంటి తాళం యాడ వెట్టినవ్?"

మాకు రాయికోడ్‌లో ఇల్లు లేదు. కానీ ఆయన నీలం తలుపు, వాకిట్లో జామచెట్టు, కన్నడం మాట్లాడే అత్త అంటూ చెప్పుకుపోయాడు. ఆయనకు అత్తంటే మా అమ్మే, ఆమెకు కన్నడం ఒక్క ముక్క రాదు.

"దెబ్బకు అట్ల అయితది, ఫికర్ చెయ్యకమ్మా" అన్నాడు డాక్టర్. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. రెండో సంసారం ఉందనుకున్నాను. ఫోను వెతికాను, ఏమీ దొరకలేదు. మరిదిని అడిగితే "గిప్పుడెందుకు వదినా అవన్నీ" అని చూపు తిప్పుకున్నాడు. దాంతో అనుమానం గట్టిపడింది.

ఆయన ఇంటికొచ్చి కోలుకుంటుండగా, బజారుకని చెప్పి రాయికోడ్ బస్సెక్కాను. ఊళ్లో అడుగుతూ పోతే నీలం తలుపు ఇల్లు నిజంగానే ఉంది. జామచెట్టూ ఉంది. తలుపు తట్టాను. లోపలెవరితోనో కన్నడంలో మాట్లాడుతూ తలుపు తీసిన ముసలామె, నేనెవరో, మా ఆయన పేరేమిటో విని గుర్తు తెచ్చుకుంది.

"మా బిడ్డను చూడనీకి వచ్చిండు బిడ్డా, నీతోని లగ్గం కాకముందు. మాటా ముచ్చటా అయినంక పెద్దోళ్లకు పేచీ వడ్డది. మల్ల రాలే. మా బిడ్డ గిప్పుడు బీదర్‌ల ఉంటది."

తిరిగొచ్చి ఆయన్ని నిలదీశాను. తల వంచుకున్నాడు.

"ఆ సంబంధం కుదిరితే ఎట్లుంటుండెనో అని దుకాణంల కూసోని అనుకునేటోన్ని. కథల లెక్క. పడ్డంక ఏది నిజమో తెల్వలే."

"ఆ కథల నేనెక్కడున్న?"

"లేవు."

ఆ మాట నన్ను కోసేసింది. లేచి వంటింట్లోకి పోయాను. ఆయన వెనకే వచ్చి మెల్లగా అడిగాడు:

"నువ్వు ఎన్నడన్న గట్ల అనుకోలేదా? నేను లేని బతుకు?"

లేదన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. నమ్మలేదు.